షుగర్ గోలి

నాంపల్లి,
శ్రావణ శుక్రవారం.

వదినగారికి కోటేశ్వరమ్మ నమస్కారాలు.

మీ విజయేందర్‌కు నా బిడ్డ ప్రణవినిచ్చిన నాటి నుంచి మన మధ్య ఫోనే గాని ఉత్తరం లేదు. మొన్న ఫోనులో మీరు “మీ బిడ్డకు సోయి లేదు” అన్నారు. నేను “మీ ఇంటికి కండ్లు లేవు” అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఏమేం అనుకున్నామో మీ హిమాయత్‌నగర్‌కూ తెలుసు, మా గల్లీకీ తెలుసు. కాగితం మీద అరుపు వినబడదు. అందుకని రాస్తున్నాను.

ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింట్లో ఉండాలంటారు. సరే. కొడుకును కని, వాడికి మాటలు నేర్పుతున్న మనిషి కొత్తకోడలు ఎట్లా అయింది వదినగారూ? బోనాలయ్యాక మీ విజయేందర్ దాన్ని ఆటోలో తెచ్చి దింపి, “ఆషాఢం కద అత్తమ్మా” అని నేల చూస్తూ చెప్పాడు. “బబ్లూ ఏడి బిడ్డా?” అని మనవడి కోసం అడిగితే, “నాన్న వద్దన్నరు” అన్నాడు. ఆషాఢం పోయింది. శ్రావణం వచ్చింది. పిలుపు రాలేదు. తల్లి ఇక్కడ, మాటలు వచ్చీరాని పిల్లవాడు అక్కడ.

ఆనాడు ఏం జరిగిందో మీకు తెలుసు. అయినా రాస్తాను. మీ ఇంట్లో ఆ కథను వేరేగా చెప్పుకుంటున్నారని విన్నాను.

బోనాల ఆదివారం మీ ఇంటి నిండా చుట్టాలు. మీ కూతురు హాసినిని చూసుకోవడానికి మగపెళ్ళివారు కూడా వచ్చారు. ప్రణవి వంటింట్లో గారెలు తీస్తోంది. భోజనాలయ్యాక బబ్లూ దివాన్ మీద ముడుచుకుని పడుకున్నాడు. “ఆడి ఆడి అలసిండు, పండనియ్యి” అన్నారంతా. నా బిడ్డ నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి వాడి మెడ ముట్టుకుంది. చల్లటి చెమట. పిలిస్తే పలకలేదు. ఇంతలో చేతులు కొట్టుకోవడం మొదలైంది. ఒకరు దిష్టి అన్నారు. ఒకరు అమ్మవారు పూనింది, వేపమండ తెమ్మన్నారు. ఇంకొకరు గ్లాసులో ఉప్పునీళ్ళు కలిపి తెచ్చి, “తాపియ్యి, కక్కుతడు” అన్నారు. ప్రణవి ఆ గ్లాసును తోసేసి, చెప్పులు కూడా లేకుండా వాణ్ణి ఎత్తుకుని ఆటో ఎక్కింది. తెలివి తప్పిన పిల్లవాడి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయేవనీ, ఉప్పునీళ్ళు వాటంతట అవే ప్రాణం తీయగలవనీ డాక్టరమ్మ తర్వాత చెప్పింది. సోయి లేని మనిషి చేసిన పని ఇది!

దవాఖానలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: “ఇంట్ల ఎవరు ఏం గోలీలు వాడుతరు? స్ట్రిప్పు గాని డబ్బా గాని తెచ్చిన్రా?” వెనకే ఉరికొచ్చిన విజయేందర్ ఇంటికి ఫోను చేశాడు. అన్నయ్యగారు ఎత్తి, “మన ఇంట్ల గోలీలు గీలీలు ఏం లెవ్వు” అన్నారు. డాక్టరమ్మ ఆ మాట నమ్ముకుని కూర్చోలేదు. వేలు గుచ్చి చూసింది. రక్తంలో చక్కెర అడుగంటి ఉంది. గ్లూకోజు ఎక్కించగానే వాడు కళ్ళు తెరిచాడు. మళ్ళీ పడిపోయింది, మళ్ళీ ఎక్కించారు. తెల్లవారేదాకా అదే యుద్ధం.

వాడు మింగింది ఏమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ప్రణవి పర్సులోదే మింగాడని తీర్మానం మాత్రం అయిపోయింది.

నేను బడికి పోయినదాన్ని కాను. చీరలకు ఫాల్ కుడుతూ, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు దొరికే పాత పురాణాలు కూడబలుక్కుని చదివినదాన్ని. శుక్రవారం శుక్రవారం నలుగురిని కూర్చోబెట్టి చెప్పేదీ అదే. పాలసముద్రం చిలికితే మొదలు విషం వచ్చింది. అది ఎవరి తప్పని దేవతలు పంచాయితీ పెట్టారా? తాడు పట్టినవాణ్ణి కొండ మీంచి తోశారా? ముందు దాన్ని మింగి గొంతులో ఆపేవాణ్ణి వెతికారు. మీ ఇంట్లో ఆ పని చేసింది నా బిడ్డ. విషాన్ని ఆపినదాన్నే మీరు ఇంట్లోంచి పంపించారు.

నేను దయ అడగడం లేదు. వాడి తల్లిని వాడి దగ్గరికి పిలవండి.

కోటేశ్వరమ్మ

*

హిమాయత్‌నగర్,
రాఖీ పండుగ తెల్లారి.

వదినగారికి కమల నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం అందింది. మీరు వేదిక మీద మాట్లాడినట్టే రాశారు. నాకంత రాదు.

ప్రణవిని మేం వెళ్ళగొట్టలేదు. అట్లా అనకండి, నలుగురూ వింటే బాగుండదు. మాది తరాలుగా ఆబిడ్స్‌లో బట్టల దుకాణం నడుపుకుంటున్న ఇల్లు. నవ్వినా ఏడ్చినా నాలుగు గోడల మధ్యనే. హాసిని సంబంధం తేలేదాకా ఇంట్లో ఏ గొడవా వద్దని వారి మాట. ప్రణవి పర్సులో తలనొప్పి గోలీలు ఉన్న సంగతి అబద్ధం కాదు కదా? పిల్లవాడున్న ఇంట్లో తల్లి కనిపెట్టుకుని ఉండాలా, వద్దా? వారు కోపంలో నిర్ణయం చేశారు. కోపం చల్లారాక వారే పిలుస్తారు. మగవాళ్ళ సంగతి మీకు తెలియనిదా?

బబ్లూ కులాసా. వారు మొజంజాహీ మార్కెట్ నుంచి సీతాఫలం ఐస్‌క్రీం తెస్తే గిన్నె నాకేశాడు. అన్నం తిన్నాక సోంపు కావాలని మారాం చేస్తాడు గాని పెట్టడం లేదు. వెండి డబ్బానే ఎత్తి పెట్టేశాను. రాత్రి ఉలిక్కిపడి లేస్తే నేనే జోకొడుతున్నాను. “అమ్మేది?” అంటాడు. మార్కెట్‌కు పోయిందని చెబుతున్నాం.

వచ్చే శుక్రవారం మీ సత్సంగంలో వాడి పేరు మీద ఒక కొబ్బరికాయ కొట్టించండి.

కమల

*

నాంపల్లి,
వినాయక చవితి.

వదినగారికి,

కొబ్బరికాయ కొట్టించాను. ఇక నా ప్రశ్నకు జవాబివ్వండి. సోంపు తింటే పిల్లలకు ఏమవుతుంది?

మీ ఉత్తరం చదివి పక్కన పెట్టిన తర్వాత ఆ ఒక్క ముక్క నా గొంతులో ముల్లులా నిలబడిపోయింది. మీ ఇంట్లో భోజనమైతే ఆ వెండి డబ్బా తిరగని రోజు లేదు. నేను వచ్చినా నా చేతిలో సోంపు పోసేవారు. బబ్లూకూ రెండు పలుకులు పెట్టేవారు. బోనాల దాకా పెట్టింది బోనాల తర్వాత ఎందుకు మానేశారు?

ప్రణవిని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాను. తలనొప్పి గోలీల స్ట్రిప్పు ఆమె ముందు పెట్టాను. ఆమె నవ్వింది. “దీంతోని చక్కెర గట్ల పడిపోదమ్మా. పిల్లగాడు మింగింది షుగర్ పేషెంట్ల గోలి. పెద్దోళ్ళకు చక్కెర దించేది ఒక్క గోలే చాలు, గింత పిల్లగాని పానం మీదికి తెస్తది. మింగంగనే ఏం కాదు, మంచిగనే ఆడుకుంటడు. చాలా సేపటికి పడిపోవచ్చు. అందుకే కండ్లు తెరిచిండని పంపియ్యకుండ తెల్లారెదాంక పెట్టుకున్నం. పేరు ముందే చెప్పుంటే మాకు గంత తిప్పలు లేకుండె” అంది.

నా బిడ్డకు షుగర్ లేదు. విజయేందర్‌కు లేదు. మరి మీ ఇంట్లో ఎవరికుంది?

ఇంటికొస్తుంటే ఆటోలో ప్రణవి ఉన్నట్టుండి నా చేయి పట్టుకుంది. “అమ్మా, వాడు ‘నానమ్మ చుగల్ గోలి’ అంటుంటే పిప్పరమెంటు అనుకున్ననే” అంది. చక్కెరను దించే మందునూ మనం షుగర్ గోలే అంటాం. చక్కెరతో చేసిన మిఠాయినీ గోలే అంటాం. పెద్దవాళ్ళం మనకు తేడా తెలుసు. వాడికి ఎవరు చెప్పాలి?

పూతన కోరలు పెట్టుకుని రాలేదు వదినగారూ. మంచి చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, తియ్యగా పిలుస్తూ వచ్చింది. విషం ఎప్పుడూ తియ్యగానే వస్తుంది. మిమ్మల్ని పూతన అనడం లేదు, ఆ డబ్బాను అంటున్నాను. కృష్ణుడు దేవుడు కనుక జుర్రుకుని నవ్వాడు. పిల్లలూ దేవుళ్ళే అని నేను వేదిక మీద వందసార్లు చెప్పాను. మందుల దగ్గర మాత్రం పిల్లలు దేవుళ్ళు కారు, ఉత్త పిల్లలు.

ఆ గోలీలు ఎవరివి? ఇప్పుడు ఎక్కడున్నాయి? పిల్లవాడు మీ దగ్గరే ఉన్నాడు, గోలీలూ మీ దగ్గరే ఉన్నాయి, తల్లి ఒక్కతే లేదు. నాకు నిద్ర ఎట్లా పడుతుంది?

కోటేశ్వరమ్మ

*

హిమాయత్‌నగర్,
నిమజ్జనం మరునాడు.

వదినా,

ఇది చదివి చించెయ్యి.

గోలీలు నావి. నాకు షుగర్ చాలా కాలంగా ఉంది. హాసినికి సంబంధాలు మొదలయ్యాక వారు ఒకరోజు నా స్ట్రిప్పులన్నీ తీసి బల్ల మీద పడేసి, “షుగర్ ఖాందాన్ అని పేరు పడ్డదంటే పిల్లను ఎవరు చేసుకుంటరు? ఇవి ఎవరి కంట్ల పడొద్దు” అన్నారు. ఎక్కడ దాచను? వచ్చేపోయేవాళ్ళు వంటింటి అరలు కూడా వదలరు. స్ట్రిప్పుల్లోంచి తీసి సోంపులో కలిపేశాను. రంగురంగుల సోంపులో వాటిని ఎవరు పోలుస్తారు? చుట్టాల ముందే డబ్బా మూత తీసి, ఏరుకుని నోట్లో వేసుకునేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను వదినా. బబ్లూ “అదేంది?” అంటే, “షుగర్ గోలిరా, నానమ్మది” అని నవ్వేదాన్ని.

ఆ రోజు మగపెళ్ళివారి ముందు డబ్బా తిరిగింది. ఎవరు కింద పెట్టారో, వాడు ఎప్పుడు తీశాడో చూడలేదు. దవాఖాన నుంచి ఫోనొచ్చినప్పుడు నేను వారి పక్కనే ఉన్నాను. ఆ పెద్దమనుషులు ఎదురుగా కూర్చుని ఉన్నారు. వారు “ఏం లెవ్వు” అంటుంటే విన్నాను. ప్రణవి వాణ్ణి బతికించింది. నేను నోరు మూసుకున్నాను.

ఇప్పుడు నీకు ఫికర్ వద్దు. సోంపు పారబోశాను. గోలీలు పూజగదిలో కుంకుమ భరిణెలో పెట్టాను. దేవుడి ముందరిది ఎవరూ ముట్టరు.

నిశ్చితార్థం కాగానే నేనే అందరికీ చెబుతాను. అప్పటిదాకా ఆగు. ప్రణవికి చెప్పకు.

కమల

*

నాంపల్లి,
పెత్రమాస, పెద్దల అమావాస్య ముందు.

వదినా,

ఆగను.

కుంకుమ భరిణెనా! రోజూ పొద్దున వాడి నొసట బొట్టు పెట్టేది దాంట్లోంచి కాదా? ఎర్రగా ఉన్నదాంట్లో వేలు పెట్టని పిల్లవాణ్ణి ఏ ఇంట్లో చూశావు? దేవుడి ముందు పెడితే మందు ప్రసాదమవుతుంది, వాడి దృష్టిలో. ప్రసాదం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోవాలని నేర్పింది మనమే.

ఉత్తరం చించలేదు. ప్రణవికి చూపించాను. అది ఏడవలేదు, నిన్ను తిట్టలేదు. “ఆ భరిణె ఏ అరల ఉంటది?” అని అడిగి, అక్కడే నిలబడి హాసినికి ఫోను చేసింది. నువ్వు ఇది చదివేసరికి నీ గోలీలు బీరువాలో ఉంటాయి, తాళంచెవి హాసిని మెడలో ఉంటుంది. పిల్లను కోప్పడకు. నీ షుగర్ సంగతి దానికి ఎప్పటి నుంచో తెలుసట. నువ్వు చెప్పేదాకా తాను తెలియనట్టే ఉండాలనుకుందట. ఎంత మంచి ఇల్లమ్మా మీది, అందరికీ అన్నీ తెలుసు, ఎవరికీ ఏమీ తెలియదు!

విజయేందర్‌కు కూడా ఇప్పుడే చెప్పేద్దామా అంటే ప్రణవి వద్దంది. “నేను చెప్తే కోడలి మాట అయితది. అత్తమ్మ నోటితోని రావాలె” అంది.

ప్రహ్లాదుడికి విషం పెట్టింది బయటివాళ్ళు కాదు వదినా, సొంత ఇల్లు. తండ్రి పెట్టమన్నాడు, కన్నతల్లి చేతికే గిన్నె ఇచ్చాడు. ఆమె ఏడుస్తూ పెట్టింది. ఆమె కన్నీళ్ళను చూసి జాలిపడతాం, నిజమే. ఆమె పేరు మీద గుడి మాత్రం ఎవరూ కట్టలేదు. మొగుడి మాటకు దాచావు, పెళ్ళివారి కోసం దాచావు, పరువు కోసం దాచావు. దాచిన ప్రతిసారీ చోటు మార్చావే గాని దాచడం మానలేదు. నువ్వు దాచినంత కాలం వాడు వెతుకుతాడు. వెతకడమే వాడి వయసు పని.

మందును మందు అని పిలువు. గోలి అనకు, చాక్లెట్ అనకు. వాడి ముందు మింగకు. స్ట్రిప్పులోంచి విప్పి ఇంకో డబ్బాలో పోయకు. తాళం వేసిన చోట పెట్టు. ఏ ఇంట్లోనైనా పిల్లవాడు మింగాడని అనుమానం వస్తే వేపమండ వద్దు, ఉప్పునీళ్ళు వద్దు, గొంతులో వేలు వద్దు, నిద్రపోతున్నాడులే అని చూస్తూ కూర్చోవద్దు. మిగిలిన మందు చేత పట్టుకుని దవాఖానకు ఉరకాలి. వాడు నవ్వుతూ ఆడుతున్నా సరే ఉరకాలి.

ఇదంతా మొన్న శుక్రవారం మైకులో చెప్పాను. నీ పేరు చెప్పలేదు, నా మనవడని చెప్పాను. మా మండలి పెద్ద లేచి, “అమ్మా, దేవుని ముచ్చట చెప్పు, దవాఖాన ముచ్చట మనకెందుకు?” అన్నాడు. “అయ్యా, గరళం ముచ్చట శివునిది గాదా? ఆయన గొంతు చూసుకుంట కూసుంటవు గాని మనుమని నోరు చూడవా?” అన్నాను. వచ్చే వారం నుంచి మైకు ఇచ్చేది లేదన్నారు. ఇవ్వకపోతే నష్టం లేదు, నా గొంతు స్టేషన్ దాకా వినబడుతుంది. వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు తమ ఇళ్ళలో మందులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకరికొకరు చెప్పుకుంటూ పోయారు. దిండు కింద, పోపుల డబ్బాలో, టీవీ మీద. నాకు అది చాలు.

ఇప్పుడు నీ వంతు. నిశ్చితార్థం తర్వాత కాదు.

కోటేశ్వరమ్మ

*

హిమాయత్‌నగర్,
దసరా వెళ్ళాక.

వదినా,

దసరా మరునాడు మగపెళ్ళివాళ్ళు మాట ఖాయం చేసుకోవడానికి వచ్చారు. విస్తళ్ళు వేశాం. హాసిని బీరువా తాళంచెవి తెచ్చి నా పక్కన పెట్టింది. నేను లేచి వెళ్ళి కొత్త స్ట్రిప్పు తెచ్చాను. బబ్లూను విజయేందర్ చేత బయటికి పంపి, అందరూ చూస్తుండగా చిటుక్కున ఒకటి విప్పి నీళ్ళతో మింగాను.

పెళ్ళికొడుకు తల్లి, “ఏం మందు వదినా అది?” అంది.

“షుగర్‌ది. నాకు చాన రోజుల సంది ఉంది. ఇది దాచబట్టే బోనాల నాడు నా మనుమడు మింగిండు. మా కోడలు తప్పేం లేదు” అన్నాను.

వారు “కమలా!” అన్నారు. ఆ ఒక్క పిలుపులో నా సంసారమంతా ఉంది వదినా. ఎప్పుడూ ఆ పిలుపుకు తల దించేదాన్ని. ఆ రోజు, “ఔ, చెప్తున్న. గిప్పుడు చెప్పకుంటే ఎప్పుడు చెప్తరు, వాడు పోయినంక చెప్తరా?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వాళ్ళు చేయి కడుక్కుని, “చెప్పి పంపుతం” అని వెళ్ళారు. ఇంతవరకు కబురు లేదు. రాదు కూడా. నేను హాసిని ముఖం చూడలేకపోయాను. అది మాత్రం మిగిలిన డబల్ కా మీఠా గిన్నె ముందేసుకుని, “షుగర్‌కు భయపడెటోళ్ళ ఇంట్ల నేను పోయి ఏం తినాలె అమ్మా?” అంది.

విజయేందర్ గుమ్మం దగ్గరే నిలబడి అంతా విన్నాడు. “అయితే వాడు మింగింది ప్రణవి పర్సులది కాదా?” అన్నాడు. “కాదురా” అన్నాను. మెట్ల మీద కూర్చున్నాడు. అంతకు ముందు ఒక్కసారైనా అడిగాడా వాడు? నేను అదే అన్నాను, “నువ్వన్న అడగకపోతివి గదరా?” అని.

వారు నాతో మాట్లాడడం లేదు. అన్నం మాత్రం అడగకుండానే తింటున్నారు. ప్రణవిని పంపు వదినా. నేను గుమ్మంలో నిలబడి తీసుకుంటాను.

కమల

*

నాంపల్లి,
దీపావళి ముందు.

వదినా,

నీ ఉత్తరం మా మండలి ఆడవాళ్ళకు చదివి వినిపించాలనిపించింది. వినిపించలేదు. అది నీది. నువ్వు మింగిన ఆ ఒక్క మందుబిళ్ళ ముందు నా శుక్రవారాలన్నీ చిన్నవే.

కాని ప్రణవి రానంటోంది. విజయేందర్ నిన్న వచ్చాడు, చాలాసేపు కూర్చున్నాడు, క్షమించమన్నాడు. అది చాయ్ ఇచ్చింది గాని కదలలేదు. దాని మాట దాని నోటితోనే రాస్తున్నాను: “నన్ను పంపింది మామయ్య. సోయి లేదని పది మందిల అన్నది మామయ్య. తప్పయిందని గూడ ఆయనే ఈడికొచ్చి, గల్లీల అందరు వినంగ చెప్పాలె. నా కొడుకును ఆయనే ఎత్తుకోని రావాలె. గంతవరకు నేను రాను. బబ్లూ కోసం పానం గుంజుతుంది, అయినా రాను. ఇయ్యాల తల వంచుకోని వస్తే రేపు ఇంకేదన్నయితే మళ్ళ నేనే గుమ్మం బయట ఉంట.”

రాత్రి దాని దిండు తడిసి ఉంటుంది. తెల్లారితే మాట మారదు. నేను సర్దిచెప్పడానికి పురాణం వెతికాను వదినా. సీతమ్మ రెండోసారి పరీక్షకు నిలబడకుండా భూమిలోకి పోయిన చోట పుస్తకం మూసేశాను. నా బిడ్డ భూమిలోకి పోదు. నాంపల్లిలోనే కూర్చుంటుంది. నేనూ దాని పక్కనే కూర్చుంటాను.

అన్నయ్యగారికి చెప్పు.

కోటేశ్వరమ్మ

*

హిమాయత్‌నగర్,
దీపావళి పొద్దున.

వదినా,

“కోడలి ఇంటికి నేను పోవాల్నా?” అని వారు ఇల్లంతా తిరిగారు. “పోవాలె” అని నేను పొయ్యి ముట్టించడం మానేశాను. హాసిని తనకు వండుకుని, నాకింత పెట్టి, వారికి పెట్టలేదు. ఈ పొద్దు గడ్డం గీసుకున్నారు. చెప్పులు తొడుక్కున్నారు. బబ్లూను ఎత్తుకున్నారు.

ఈ చీటీ వాడి అంగీ జేబులో పెడుతున్నాను. నువ్వు చదువుతున్నావంటే వాడు వాళ్ళమ్మ ఒళ్ళో ఉన్నాడన్నమాట.

వారు గుమ్మం బయట నిలబడి ఉంటారు, గోడ వైపు చూస్తూ. “తప్పయింది” అన్న మాట వారి నోట ఎన్నడూ రాలేదు, రావడానికి సమయం పడుతుంది. నీళ్ళివ్వు, కుర్చీ వెయ్యి, చాయ్ కూడా ఇవ్వు. గల్లీవాళ్ళను మాత్రం వాళ్ళ ఇళ్ళల్లోకి పంపెయ్యకు. ఆ మాట వినబడేదాకా ప్రణవిని లేవనివ్వకు.

కమల